ముద్దకో చప్పుడు

చిన్న స్టీలు గిన్నెలో ముద్దపప్పూ అన్నమూ వేసుకుని శాంతి వేళ్ళతో మెదుపుతోంది. అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య ఒక్కో మెతుకూ నలిగి పప్పులో కలిసిపోవాలి. నెయ్యి ఆఖర్న. ముందే వేస్తే మెతుకు వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది తప్ప నలగదు. ముద్ద కట్టి, ఊది, మణికట్టు మీద ఆనించి వేడి చూసుకుని, ఎత్తుకుర్చీలో కూర్చున్న మనవడి వైపు తిరిగింది.

"ఇది తాతయ్య ముద్ద. డార్విన్ తాతయ్య ముద్ద. ఏదీ, ఆఁ..."

పండు నోరు బిగించి తల పక్కకి తిప్పుకున్నాడు.

"పోనీ అమ్మ ముద్ద. అమ్మ ముద్ద వదిలేస్తే అమ్మ అలిగిపోదూ?"

వాడు అరచేత్తో నెట్టేసరికి ముద్ద వెళ్ళి నేలమీద పడింది. శాంతి వంగి తుడిచి ఇంకో ముద్ద కట్టింది. ఏళ్ళ తరబడి తమ ఊరు డార్విన్‌లో, ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో పనిచేసిన మనిషి. సూదిని చూసి కెవ్వుమనే పిల్లల చేత నవ్వుతూ చెయ్యి చాపించిన మనిషి. ఏడాదిన్నర పిల్లాడు నోరు తెరవనంటే సరేలెమ్మని ఊరుకునే రకం కాదు.

ఆమె కూతురుండే సన్నీబ్యాంక్‌కి ఊరికే చూసిపోవడానికి రాలేదు. కూతురు సుమ సోమవారం నుంచి మళ్ళీ ఆఫీసుకి వెళ్తుంది. పండుని చైల్డ్‌కేర్‌లో వేసి చూశారు. అక్కడ వాడు మెతుకు ముట్టలేదు. తూకం తగ్గి, డాక్టరు మొహం చిట్లించేసరికి మాన్పించేశారు. ఇక ఇంట్లోనే ఎవరో ఒకరు చూసుకోవాలి. ఆ ఒకరు తానే కావాలని శాంతి ఆశ. పెరట్లో విడిగా ఒక గది ఉంది. డార్విన్ ఇల్లు అద్దెకిచ్చేసి, భర్త పాండురంగతో సహా ఆ గదిలోకి మారిపోవచ్చు. ఉన్న ఒక్క మనవడు తన చేతి ముద్ద తిని పెరగాలి. ఇంతకు మించి ఆమెకి ఇప్పుడు కావలసిందేమీ లేదు.

వీధి తలుపు చప్పుడైంది. పండు కాళ్ళు ఆడించడం ఆపి, చెవి ఒగ్గి విన్నాడు.

వచ్చింది అల్లుడు జేసన్ తల్లి, పండుకి నాయనమ్మ. వాళ్ళ కాంటనీస్ భాషలో నాయనమ్మని 'మామా' అంటారట. శాంతి నోట అది మొదటిరోజే 'మామ్మ' అయి కూర్చుంది, ఎవరూ దిద్దలేదు. మామ్మ రోజూ బస్సులో వస్తుంది. భుజాన గుడ్డసంచీ, సంచీలో పొట్టి ఫ్లాస్కు. బియ్యానికి ఉప్పూ కాస్త నూనే పట్టించి నానబెట్టి, గింజ పువ్వులా విచ్చుకునేదాకా కలియబెడుతూ కాచిన జావ అందులో ఉంటుంది. దాంతోపాటు కాగితం పొట్లంలో, నూనెలో వేయించిన పొడుగాటి పిండికడ్డీ.

"మార్నింగ్, షాన్‌టీ," అంటూ మామ్మ చేతులు కడుక్కుని వచ్చి ఎత్తుకుర్చీ పక్కన కూర్చుంది. పిల్లాణ్ణి పలకరించలేదు, వాడి వైపు చూడనైనా లేదు. ఫ్లాస్కు మూత తిప్పి, జావ గిన్నెలో వంచుకుని, తన చెంచాతో తీసుకుని, పెదవులు సున్నాలా చుట్టి గాలితో సహా లోపలికి లాగింది.

సోక్... సోక్...

మింగి, పెదాలు తుడుచుకుని, "సోక్ సోక్," అంది పైకి. ముందు చప్పుడు, వెంటనే ఆ చప్పుడే మాట. ఇంకో చెంచా తీసుకుంది. పండు కాళ్ళు కుర్చీని తన్నడం మొదలుపెట్టాయి. మామ్మ పిండికడ్డీని వాడి చెవి దగ్గర విరిచి, ముక్క నోట్లో వేసుకుని గట్టిగా నమిలి, "బోక్ బోక్" అంది. నీళ్ళ కప్పెత్తి తాగితే గ్వత్ గ్వత్. అల్లం ముక్క తగిలి నాలుక చురుక్కుమంటే పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చి స్యుత్ స్యుత్. ప్రతి తిండికీ ఒక చప్పుడు, ప్రతి చప్పుడికీ ఒక మాట. బోక్ అంటే వాడి కళ్ళు కడ్డీ మీదికి వెళ్తాయి, సోక్ అంటే గిన్నె మీదికి. ఆ కళ్ళతోపాటే నోరూ తెరుచుకుంది. మామ్మ రెండో చెంచాతో జావ తీసి అందులో పెట్టింది.

'అబ్బ, ఎంత తింటున్నాడో' అనబోయి, దిష్టి తగులుతుందని శాంతి నాలుక కరుచుకుంది. నిజానికి దిష్టి కన్నా ముందు ఆమెకి అడ్డుపడింది అసూయ.

బల్లకి అవతలి చివర సుమ లాప్‌టాప్ తెరుచుకుని మీటింగులో ఉంది. సోమవారం నుంచి తాను అందుకోవలసిన పనుల అప్పగింత. మైకు ఆపడం మరిచిపోయినట్టుంది.

"సమ్‌బడీస్ ఎంజాయింగ్ దెయిర్ లంచ్!" అంది లాప్‌టాప్‌లోంచి ఒక మగగొంతు. దాని వెనకే నలుగురైదుగురి నవ్వు.

సుమ మెడ మీదినుంచి ఎరుపు పైకి పాకింది. మైకు నొక్కి, కుర్చీలో అత్తగారి వైపు తిరిగింది.

"మమ్, ప్లీజ్. నో నాయిస్. నేను వర్క్‌లో ఉన్నా... ఐ మీన్, ఐయామ్ వర్కింగ్. అండ్ హి విల్ లర్న్ ఇట్. కిడ్స్ విల్ లాఫ్ ఎట్ హిమ్. క్లోజ్డ్ మౌత్, ఓకే? లైక్ దిస్."

బొటనవేలూ చూపుడువేలూ తన పెదాలకి ఆనించి, మూసి చూపించింది. చంటిపిల్లకి చూపించినట్టు చూపించింది.

మామ్మ చెంచా గాల్లోనే ఆగింది. అందులోని జావ ఒలక్కుండా మెల్లగా గిన్నెలోకి వంచేసింది.

"ఓకే," అంది. "సారీ, సుమ."

ఆ తరవాత పెదాలు మూసుకుని, చెంచా మాత్రం పండు నోటికి అందించింది. వాడు కాసేపు చూశాడు. ఆమె మొహంలోకి చూసి, చెయ్యి చాపి, వేలితో ఆమె కింది పెదవిని లాగాడు. అది తెరుచుకోలేదు. వాడు తల తిప్పేసుకున్నాడు. మామ్మ సగం నిండిన ఫ్లాస్కుకి మూత బిగించి సంచీలో పెట్టుకుంది.

శాంతికి ఒక్క క్షణం గెలిచినట్టు అనిపించింది. మరుక్షణం, ఆ గెలుపు ఎవరి కంటైనా పడిందేమోనని గిన్నె తీసుకుని సింకు దగ్గరికి వెళ్ళిపోయి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

సాయంత్రం సుమ బట్టలు మడత పెడుతూ తానే ఎత్తింది.

"అమ్మా, నువ్వే ఉండిపో. నాన్నని కూడా వచ్చేయమను. బ్యాక్‌లో రూమ్ ఖాళీయే కదా. జేసన్‌తో మాట్లాడాను, హి ఈజ్ ఫైన్."

"మరి మీ అత్తగారో?"

"వీకెండ్స్ వస్తారు. డైలీ బస్సెక్కి రావడం ఆవిడకి మాత్రం స్ట్రెస్ కాదా? ఇవాళ నువ్వే చూశావుగా. పండు ఆవిడ దగ్గర కూడా తినడం మానేశాడు. నీకు స్లోగా అలవాటైపోతాడు."

మానేశాడా, మాన్పించావా అని శాంతి అడగలేదు. కోరుకున్నది కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడితే ఇటు నుంచి వచ్చావేమని ఎవరు అడుగుతారు? పెరట్లోకి వెళ్ళి ఆ గది తలుపు తెరిచి చూసింది. కిటికీ తూర్పుకి ఉంది. మంచం ఈ గోడకి, దేవుడి అర ఆ మూలకి. అక్కడినుంచే డార్విన్‌కి ఫోన్ చేసింది.

"గది చూస్తున్నానండీ. బాగుంది."

"నా పడక్కుర్చీ పడుతుందా లేదా చెప్పు ముందు," అన్నాడు పాండురంగ. వెనక వాన ఇంటి రేకుల మీద దబదబలాడుతోంది. "ఇక్కడ గోడలు కూడా చెమటలు కక్కుతున్నాయి. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చేస్తా. ఇంతకీ మనవడు తింటున్నాడా?"

"అలవాటు పడాలి."

"వాడా, నువ్వా?"

"మీకు అన్నీ వేళాకోళమే," అని పెట్టేసింది.

మర్నాడు మామ్మ వచ్చింది కానీ పిండికడ్డీ తేలేదు. జావ గిన్నెలో వంచింది, తాను ముట్టుకోలేదు. పెదాలు మూసుకునే నవ్వింది. చెంచా ముందుకి చాపి కూర్చుంది. పండు ఆమె నోటివైపు చూస్తూ ఎదురుచూశాడు, ఏమీ రాకపోయేసరికి ఏడ్చాడు. టీ ఇస్తే మామ్మ దాన్ని పిల్లి పాలు తాగినట్టు చప్పుడు లేకుండా తాగింది. కప్పు సాసరు మీద పెట్టేటప్పుడు కింద చిటికెనవేలు అడ్డం పెట్టుకుంది. ఆ చిటికెనవేలిని చూసి శాంతికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఎవరింటికో అద్దెకొచ్చినట్టు, పై అంతస్తులో ఓనరు పడుకున్నట్టు, ఆ మనిషి సొంత కొడుకు ఇంట్లో కప్పు దించుతోంది.

ఆమె వెళ్ళాక, సుమ మేడమీద గదిలో ఉండగా, శాంతి పప్పన్నం గిన్నె పట్టుకుని పండు ముందు కూర్చుంది. అటూ ఇటూ చూసి, పెదాలు సున్నాలా చుట్టి, "సోక్ సోక్" అంది.

పండు ఆశ్చర్యపోయి చూశాడు. తరవాత పకపకా నవ్వాడు. నవ్వాడే గాని ముద్ద తీసుకోలేదు. ఆమె ఖాళీ నోట్లోకి తొంగి చూసి, నీ దగ్గర ఏమీ లేదన్నట్టు రెండు చేతులూ తిప్పాడు.

శాంతి ముద్దని మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. వాడు చెప్పింది నిజమే. మామ్మ ముందుగా తన నోట్లో పెట్టుకుంటుంది. తింటేనే ఆ చప్పుడు. తానేమో, ఊళ్ళో అమ్మలూ అమ్మమ్మలూ పెట్టినట్టే, పిల్లాడికి పెట్టేటప్పుడు నోట్లో మెతుకు వేసుకోదు. ఎంగిలి గిన్నెలోది పిల్లాడికి పెట్టకూడదు. వాడు తిన్నాక మిగిలింది తినొచ్చు, తాను తింటూ వాడికి పెట్టకూడదు. అలా పెట్టకూడదని ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, అదంతే. తాతయ్య ముద్ద, అమ్మ ముద్ద అని ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ చెప్పి పెడుతోంది, పెట్టే మనిషి ముద్ద మాత్రం అందులో లేదు.

శనివారం మామ్మ రాలేదు. ఈ వీకెండ్‌కి రెస్ట్ తీసుకోమని సుమ ఫోన్ చేసి చెప్పిందట.

"ఇక్కడికి రాని రోజు మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని శాంతి జేసన్‌ని అడిగింది.

"ఫుడ్ కోర్ట్, ఆంటీ. హర్ ఫేవరెట్ టేబుల్," అన్నాడతను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అత్తగారిని ఆంటీ అనే అంటాడు. "ఎందుకు" అని తెలుగులోనే అడిగాడు, అతనికి వచ్చిన పది మాటల్లో అదొకటి.

"ఊరికే," అంది శాంతి. పండుని తోపుడుబండిలో కూర్చోబెట్టుకుని బయల్దేరింది.

సన్నీబ్యాంక్ ఫుడ్‌కోర్టు తలుపు తోయగానే చప్పుడు ఆమె మీదికి వచ్చి పడింది. మొదట మాటలనుకుంది. కాదు, తిండి. వంద గిన్నెల మీద వంగిన వంద మొహాలు. నూడుల్స్ లాగుతున్న చప్పుడు, చారు జుర్రుతున్న చప్పుడు, ఎముక చీకుతున్నది, వేపుడు కొరుకుతున్నది, కారం తగిలి ఉఫ్ ఉఫ్ అంటున్నది. సూటు వేసుకున్న ఒకాయన టై భుజం మీదికి వేసుకుని మరీ జుర్రుతున్నాడు. ఎవరూ ఎవరివైపూ చూడడం లేదు.

నడిమి బల్ల దగ్గర మామ్మ ఒక్కతే గిన్నె రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉంది. ఇంట్లో చూసిన మనిషి కాదు. కళ్ళు మూసుకుని, భుజాలు వదులు చేసి, ఊపిరంత పొడుగున లాగుతోంది. పండు బండిలోంచి కేక పెట్టాడు. మామ్మ కళ్ళు తెరిచి, పండుని చూసి, వెనకాల శాంతిని చూసి, చటుక్కున గిన్నె దించి పెదాలు మూసుకుంది.

శాంతికి అది చెంపదెబ్బలా తగిలింది.

"నో, నో," అంది ఎదురుగా కూర్చుంటూ. "ఈట్. ప్లీజ్. సోక్ సోక్."

మామ్మ ఆమెని పరీక్షగా చూసింది. "సుమ నాట్ లైక్."

"సుమ నాట్ హియర్."

మామ్మ నవ్వింది. ఈసారి పళ్ళు కనబడేలా. లేచి వెళ్ళి కూరగాయల నూడుల్స్ గిన్నె ఒకటి తెచ్చి శాంతి ముందు పెట్టింది. శాంతి నాలుగు పోగులు చెంచాలోకి ఎత్తి, చప్పుడు కాకుండా నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి నమిలింది. మామ్మ చూస్తూ కూర్చుంది.

"యూ నాట్ లైక్?"

"లైక్, లైక్. వెరీ నైస్."

"దెన్?" అని చెయ్యి తన చెవికి ఆనించి చూపించింది. నాకేమీ వినబడలేదే అన్నట్టు.

శాంతి చుట్టూ చూసింది. టై ఆయన తన గోలలో తానున్నాడు. గిన్నె ఎత్తి, పెదాలు చుట్టి, గాలితో సహా లాగింది. అల్లం నేరుగా ముక్కులోకి ఎక్కింది. తుమ్మింది, కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. మామ్మ కాగితం రుమాలు అందించి, మళ్ళీ అని సైగ చేసింది. రెండోసారి లాగితే తెలిసింది. వేడి దారిలోనే విరిగిపోతోంది. రుచి నాలుక మీద ఆగకుండా ముక్కు దాకా వెళ్ళి అక్కడ విప్పుకుంటోంది. చిన్నప్పుడు కంచంలో అన్నానికి గుంట చేసి, చారు పోసుకుని, దోసిట్లోకి తీసుకుని జుర్రినప్పుడు ఉండే రుచి ఇది. ఆ రుచి చారుదనే ఇంతకాలం అనుకుంది. చారు రోజూ కాస్తూనే ఉంది, రుచి మాత్రం రాలేదు.

పండు కాళ్ళు బండిని తంతున్నాయి. నోరు తెరుచుకుని ఉంది.

శాంతి వేళ్ళు గిన్నె మీద ఆగాయి. తాను ఎంగిలి చేసిన గిన్నె. ఒక్క క్షణం. పొడుగాటి నూడుల్ ఒకటి తీసి, చల్లార్చి, కొస వాడి నోటికి అందించింది. వాడు పెదాలు చుట్టి లాగాడు. తోక సర్రున వచ్చి ముక్కుకి కొట్టి లోపలికి పోయింది. వాడు బిత్తరపోయి, ఆ వెంటనే చప్పట్లు కొట్టాడు.

"సోక్ సోక్!" అంది మామ్మ.

"సోక్ సోక్!" అంది శాంతి. ఈసారి పండు నవ్వలేదు. పనిలో ఉన్నాడు.

గిన్నెలు ఖాళీ అయ్యాక మామ్మ, "యూ? యువర్ సౌండ్?" అని అడిగింది.

శాంతి కాసేపు తడుముకుంది. ఆ మాటలు పలికి ఎన్నాళ్ళయిందో. తరవాత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అప్పడానికి కరకర. మజ్జిగకి గటగట. చెరుకు ముక్కకి పరపర. మామ్మ ఒక్కోటీ పలికి చూసింది. ఆమె నోట కరకర కలకల అయింది, శాంతి నోట గ్వత్ గ్వత్ ఎంత అందంగా వస్తోందో అంతే అందంగా.

"హి డోంట్ నో ఫుడ్," అంది మామ్మ పండు మూతి తుడుస్తూ. "ఫస్ట్ హి నో సౌండ్. దెన్ ఫుడ్ కమ్."

"టుమారో లంచ్. యూ కమ్," అంది శాంతి.

"సుమ సే రెస్ట్."

"శాంతి సే కమ్."

ఆదివారం బల్ల మీద చారూ, వంకాయ వేపుడూ, ముద్దపప్పూ, ఒక పళ్ళెం నిండా అప్పడాలూ ఉన్నాయి. మామ్మని చూసి సుమ కనుబొమలు ఎగరేసింది గాని పైకి హాయ్ అనే అంది. మామ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. జేసన్ అమ్మనీ భార్యనీ మార్చి మార్చి చూసి, ఎవరివైపూ కాకుండా నీళ్ళ జగ్గు వైపు చూడడం మొదలుపెట్టాడు.

శాంతి పండు కుర్చీ తన పక్కకి లాక్కుంది. చెంచా పక్కన పెట్టి, అన్నంలో గుంట చేసి, చారు పోసి, కలిపి, అరచేతిలోకి తీసుకుని జుర్రింది. చారు మోచేతి దాకా కారింది. దాన్ని కూడా వదల్లేదు.

"అమ్మా!" అంది సుమ.

"ఏం?"

"వాట్ ఆర్ యూ డూయింగ్?"

"అన్నం తింటున్నానమ్మా."

పండు నోరు తెరిచాడు. శాంతి అదే కంచంలోంచి ముద్ద తీసి పెట్టింది. వాడు మింగి మళ్ళీ తెరిచాడు. అప్పడం వాడి చెవి దగ్గర విరిచి, తాను కొరికి, "కరకర" అని, చిన్న ముక్క చేతికిచ్చింది. వాడు ముందు పళ్ళతో కొరికి, వచ్చిన చప్పుడికి తానే ఆగి విని, మళ్ళీ కొరికాడు.

మామ్మ చెయ్యి ఒళ్ళోంచి లేచింది. అప్పడం పళ్ళెం దాకా వెళ్ళి, సుమ వైపు ఒకసారి చూసి, అక్కడే నిలిచింది.

చారు గిన్నె ఎత్తినవాడు జేసన్. రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరంత పొడుగున లాగాడు. అచ్చం వాళ్ళమ్మలాగే. గిన్నె దించి, "సారీ," అన్నాడు. అని మళ్ళీ ఎత్తాడు.

మామ్మ అప్పడం తీసుకుంది. బల్ల దగ్గర చప్పుడు చెయ్యకుండా తింటున్నది ఇప్పుడు సుమ ఒక్కతే.

గిన్నెలు సింకులో వేస్తున్నప్పుడు సుమ వెనకాలే వచ్చి తలుపు చేరవేసింది.

"నువ్వే కదమ్మా నేర్పావు! నోరు మూసుకుని నమలమని. స్కూల్ లంచ్‌బాక్స్‌లో అప్పడం కూడా పెట్టేదానివి కాదు, నాయిస్ వస్తుందని."

"నేర్పాను. ఇప్పుడు మనసు మార్చుకున్నాను. నువ్వూ మార్చుకోవచ్చు, ఖర్చేం లేదు."

సుమకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "సరే. వాడు తిన్నాడు, ఐ సా దట్. నీ ఇష్టం వచ్చిన నాయిస్ చేసుకో. నువ్వున్నావు కదా, ఇంక నాకు టెన్షన్ లేదు."

"మామ్మ కూడా రావాలి, రోజూ. ఇద్దరం చూసుకుంటాం."

"ఎందుకు? ఒక కిచెన్‌లో ఇద్దరు బాసులా? అమ్మా, నాట్ ప్రాక్టికల్. నువ్వు ఇంట్లోనే ఉంటావు, ఇంక ఆవిడ రావడం దేనికి?"

"నేను చేస్తే ముద్దూ, ఆవిడ చేస్తే నాయిసూనా?"

"నువ్వు మా అమ్మవి!"

"ఆవిడ వాడి నాయనమ్మ. ఆవిడ పెదాలు ఎలా మూసుకోవాలో వేళ్ళతో చూపించావు, సుమా. నేనక్కడే ఉన్నాను."

సుమ గోరుతో కౌంటర్ మీద అంటిన మెతుకు గీకింది. "ఐ వాజ్ ఎంబారస్డ్. కాల్‌లో అందరూ నవ్వారు... సరే, సారీ చెప్తాలే. బట్ అమ్మా, ఇదంతా నీకోసమే చేస్తున్నా. నీకు ఉండాలని లేదా?"

"ఉంది," అంది శాంతి. చాలా ఉంది. కిటికీలోంచి పెరట్లో గది తలుపు కనబడుతోంది.

కూతురు చెడ్డపిల్ల కాదు. ఆమెకి అత్తగారితో ఇప్పటిదాకా అవసరం పడలేదు, అంతే. తాను ఆ గదిలో మంచం వేసుకున్నంతకాలం ఇక పడదు కూడా. సారీ చెప్తుంది, పండగకి చీరా పెడుతుంది, బస్సెక్కి రావద్దని ప్రేమగానే చెప్తుంది. చేతులు తుడుచుకుని శాంతి పెరట్లోకి వెళ్ళి భర్తకి ఫోన్ చేసింది.

"నా టికెట్ రేపు పొద్దుటికి మార్చండి."

"గొడవ పడ్డారా?"

"గొడవేం లేదు. సుమకి రేపు అవసరం పడాలి."

"ఎవరితో?"

"వాళ్ళ అత్తగారితో."

"మరి గదో? మనవడో?" అన్నాడు పాండురంగ. ఈసారి వేళాకోళం లేదు.

"చుట్టపుచూపుగా వస్తూ ఉందాం. వచ్చినప్పుడు తినిపిస్తాను. వాడు తినడం నేర్చుకుంటే ఎవరి చేత్తోనైనా తింటాడు."

"నువ్వు ఎలక్షన్లలో నిలబడాల్సిన మనిషివోయ్," అని ఆయన టికెట్ చూడడానికి లేచాడు.

మామ్మని బస్సు దాకా దింపుతూ, "టుమారో ఎర్లీ," అంది శాంతి. "ఐ గో డార్విన్. సుమ డోంట్ నో. యూ కమ్. ఎవ్రీ డే." మామ్మ నడక ఆపి, ఆమె మొహంలోకి చూసింది. బస్సు ఎక్కేముందు శాంతి చెయ్యి పట్టుకుని, ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది.

సోమవారం పొద్దున్న ఇల్లంతా హడావిడి. జేసన్ అప్పటికే వెళ్ళిపోయాడు. మేడమీద గదిలో సుమ ఒక చేత్తో జుట్టు ఆరబెట్టుకుంటూ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతోంది. శాంతి అన్నం మెదిపి, నెయ్యి వేసి, గిన్నె బల్ల మీద పెట్టింది. మామ్మ వచ్చి చేతులు కడుక్కుంది. సంచీలోంచి ఫ్లాస్కు తీసింది, కాగితం పొట్లం తీసింది. తలుపు పక్కన నిలబెట్టిన పెట్టెని చూసి, చూపు మరల్చుకుంది.

రెండు గిన్నెలు, ఒక పిల్లాడు. మామ్మ ముందుగా స్టీలు గిన్నె దగ్గరికి లాక్కుంది. చెంచా కోసం వెతకలేదు. ఐదు వేళ్ళూ ముంచి, కట్టడం చేతకాక సగం రాలిపోతున్న ముద్దని నోట్లో కుక్కుకుని, నమిలింది. ఆలోచించింది. తరవాత ఒక చప్పుడు చేసింది. అది సోక్ కాదు, శాంతి నేర్పిన వాటిలో ఏదీ కాదు. పప్పన్నానికి అప్పటికప్పుడు ఆమె పెట్టుకున్న చప్పుడు. పండు దాన్ని కొత్తగా విన్నాడు. నోరు తెరిచాడు.

శాంతి అడుగు ముందుకు పడి ఆగింది. దగ్గరికి వెళ్ళి వాడి తల నిమరాలని ఉంది. వాడు తలెత్తి, తన భుజాన హ్యాండ్‌బ్యాగు చూస్తే, ముద్ద నోట్లో ఉండగానే ఏడుపు లంకించుకుంటాడు.

"అమ్మా! తింటున్నాడా వాడు?" సుమ పైనుంచి అరిచింది.

శాంతి పెట్టె దగ్గరికి వెళ్ళింది. వంటింట్లో మామ్మ అప్పుడే రెండో ముద్ద నోట్లో పెట్టుకుంది. కొత్త చప్పుడు ఇంకాస్త ధైర్యంగా, ఇంకాస్త పొడుగ్గా ఇల్లంతా వినబడింది. దాని వెనకే చిన్న నోటి చప్పుడొకటి.

చక్రాలు చెక్కనేల మీద దొర్లకుండా పెట్టెని రెండు చేతులా ఎత్తుకుని, శాంతి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.